విశ్వాసం పంచుకుంటే ఆశీర్వాదం అంటారు, అసలు ఏంటా ఆశీర్వాదం?

తొలకరి
మొన్న ప్రసంగంలో మళ్ళీ అదే మాట. సువార్త చెప్పండి, ఆశీర్వాదం పొందండి. సండే స్కూల్ రోజుల నుంచి వింటున్నాను. ఆ ఆశీర్వాదం ఏంటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

నా సంగతి ఇది. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. ఒకరోజు నా ముందే ఏడ్చేసింది. "నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాను. "మీ నాన్న పోయినప్పుడు నువ్వు ఎలా తట్టుకున్నావు?" అని తనే అడిగింది. అప్పుడు యేసు నాకు ఎవరో, ఆ రోజుల్లో నన్ను ఎలా నిలబెట్టాడో చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చివర్లో "సరేలే" అని కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ మర్నాటి నుంచి మాటలు తగ్గాయి. ఎదురుపడితే ఫోన్ తీసి చూసుకుంటుంది.

నేను బలవంతం చేయలేదు. సంఘానికి రమ్మనలేదు. కరపత్రం కూడా ఇవ్వలేదు. అయినా ఒక స్నేహం పలచబడింది, నాకు టెన్షన్ మిగిలింది. మరి ఆశీర్వాదం ఎవరికి? ఎప్పుడు? దయచేసి "ప్రార్థనలో ఉండండి సిస్టర్" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోకండి. వాక్యం చూపించి చెప్పండి, లేదంటే మీకు జరిగింది చెప్పండి.

గోధుమగింజ
ఆ చివరి లైను చదివి కనీసం నలుగురు టైప్ చేసింది చెరిపేసి ఉంటారు. మంచి ప్రశ్న అక్కా. నాకూ జవాబు కావాలి.

పాతబైబిల్
అమ్మా తొలకరి, దీని గురించి పౌలు రెండుచోట్ల రాశాడు.

మొదటిది 1 కొరింథీయులు 9:23. యూదులకు యూదుడిలా, బలహీనులకు బలహీనుడిలా అయ్యానని చెప్పుకుంటూ వచ్చి, ఇదంతా సువార్త కోసమే, వాళ్ళతో పాటు నాకూ అందులో పాలు దక్కాలని అంటాడు. అంతటి అపొస్తలుడు కూడా నేను ఇచ్చేవాణ్ణి, మీరు పుచ్చుకునేవాళ్ళు అనలేదు.

రెండోది ఫిలేమోను 6. ఒకే అధ్యాయం ఉన్న పత్రిక కాబట్టి చాలామంది పేజీ తిప్పేస్తారు. ఇతరులు నీ విశ్వాసంలో పాలివారు కావడానికీ, క్రీస్తులో మనకున్న మేలులను నువ్వు అనుభవంగా తెలుసుకోవడానికీ పౌలు అక్కడ ముడి వేశాడు.

నీ విషయానికే వస్తాను. నాన్నగారు పోయినప్పుడు దేవుడు నిలబెట్టిన సంగతి అంత వివరంగా అంతకుముందు ఎవరికైనా చెప్పావా? ఆ రోజు ఆమెతో పాటు నువ్వు కూడా దాన్ని విన్నావు. చెప్పేవాడికి ముందుగా దక్కేది అదే.

ప్రశ్నలపుట్ట
అయ్యగారూ, ఫిలేమోను 6 మీద నాకు అభ్యంతరం ఉంది. ఆ పత్రిక మొత్తం ఒనేసిము గురించి. ఫిలేమోను దగ్గర నుంచి వెళ్ళిపోయిన దాసుణ్ణి ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని పౌలు బతిమాలుతున్నాడు. ముందు వచనంలో పరిశుద్ధుల పట్ల ఫిలేమోనుకున్న ప్రేమ, తర్వాతి వచనంలో పరిశుద్ధుల హృదయాలు విశ్రాంతి పొందడం. మధ్యలో ఉన్న ఒక్క వచనం బయటివాళ్ళకు సువార్త చెప్పడం గురించి ఎలా అవుతుంది?

పాతబైబిల్
ముఖ్యంగా అది సంఘంలో ఒకరినొకరు చేర్చుకోవడం గురించే, కాదనను. కానీ ఆ ఒనేసిము విశ్వాసి ఎలా అయ్యాడు? 10వ వచనం చూడు. పౌలు బంధకాల్లో ఉండి కన్న కుమారుడు అతను. ఖైదులో ఉన్న మనిషి ఒకడికి క్రీస్తు గురించి చెప్పబట్టే ఈ ఉత్తరం పుట్టింది. ఫిలేమోను దగ్గర నీ అభ్యంతరం ఉంచుకో. 1 కొరింథీయులు 9:23 దగ్గర మాత్రం తప్పించుకోలేవు.

ప్రశ్నలపుట్ట
దాని దగ్గర తప్పించుకోవాలని నాకూ లేదు.

రాత్రిడ్యూటీ
అందరూ చెప్పేవాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను విన్నవాణ్ణి, నా వైపు నుంచి చెబుతాను.

మాది క్రైస్తవ కుటుంబం కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి షిఫ్టులో ఒక నర్సు ఉండేది. సెలైన్ మార్చి, చార్టులో రాసి, వెళ్ళేముందు మంచం కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడేది. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. ఏం చేస్తున్నారని ఒక రాత్రి అడిగాను. "మీ అమ్మగారి కోసం దేవుడితో మాట్లాడుతున్నాను. మీకు ఇబ్బంది అయితే బయట నిలబడి చేసుకుంటాను" అంది. ఏ దేవుడు అన్నాను. మందుల చీటీ వెనక "యోహాను 11" అని రాసి ఇచ్చింది. నేను చదవలేదు. మర్యాద కోసం పర్సులో పెట్టుకున్నాను.

అమ్మ దక్కలేదు. ఆ నర్సుకు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను.

చాలా కాలం తర్వాత పర్సు మారుస్తుంటే ఆ చీటీ బయటపడింది. మడత పడినచోట ఇంకు చెదిరిపోయింది, 11 అన్నది కనబడుతోంది. ఆ రాత్రి చదివాను. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి వెళుతూ యేసు ఏడ్చాడు అన్నచోట ముందుకు కదల్లేకపోయాను. మా ఇంట్లో అందరూ నన్ను ధైర్యంగా ఉండమన్నారు, ఏడవొద్దన్నారు. ఇక్కడ దేవుడే ఏడుస్తున్నాడు. నాకు అక్కడ మొదలైంది.

ఆ నర్సుకు ఈ సంగతి తెలియదు. ఆవిడ లెక్కలో నేను పట్టించుకోకుండా వెళ్ళిపోయిన మనిషిని. తొలకరి గారూ, మీ స్నేహితురాలు ఫోన్ చూసుకుంటుందన్నారు. నేను అంతకంటే ముభావంగా వెళ్ళాను.

మార్త_ఇల్లు
ఈ పోస్ట్ రెండుసార్లు చదివాను. దేవునికి స్తోత్రం. ఆ చీటీ ఇంకా ఉందా బ్రదర్?

రాత్రిడ్యూటీ
ఉంది అక్కా. నా బైబిల్లో అదే అధ్యాయం దగ్గర.

అంద్రెయ_తమ్ముడు
మా ఇంట్లో పాత పర్సులు పారేస్తామంటే ఇక ఒప్పుకోను.

వెలుగుబాట
ఒక కోణం ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతాను. క్రమంగా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాక నా అప్పులు తీరాయి, ప్రమోషన్ వచ్చింది. మనం దేవుని పని చూస్తే మన పని ఆయన చూసుకుంటాడు. మత్తయి 6:33. దీన్ని ఆశీర్వాదం అనడానికి మొహమాటం ఎందుకు?

ప్రశ్నలపుట్ట
బ్రదర్, మీ అప్పులు తీరినందుకు సంతోషం, మనస్ఫూర్తిగా. కానీ దాన్ని సువార్తకు జీతంలా చెబితే లెక్క కుదరదు. 2 కొరింథీయులు 11:24 నుంచి చదవండి. అయిదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్ళు, మూడుసార్లు ఓడ పగిలింది, ఆకలి, చలి. అంత చెప్పిన పౌలుకు దక్కింది అది. మొదటి హతసాక్షి స్తెఫను మాట ముగించేలోపే రాళ్ళతో కొట్టి చంపారు. ప్రమోషన్ రాని విశ్వాసి మీ పోస్ట్ చదివితే తన సాక్ష్యంలో ఏదో లోపం ఉందని కుమిలిపోతాడు.

వెలుగుబాట
జీతం అన్న మాట నేను అనలేదు. దేవుడు చేసిన మేలు చెప్పుకున్నాను. చెప్పకుండా దాచమంటారా?

మార్త_ఇల్లు
ఇద్దరూ కాస్త నెమ్మది. ఆయన సాక్ష్యం ఆయనది. మేలు పొందినవాడు చెప్పుకోవాలి. అందరికీ ఇలాగే జరుగుతుందని సూత్రం కడితేనే చిక్కు. పౌలు సీలలు ఫిలిప్పీలో దెబ్బలు తిని, కాళ్ళకు బొండ వేయించుకుని, మధ్యరాత్రి పాటలు పాడారు. ఆ రాత్రే చెరసాల నాయకుడు వాళ్ళ గాయాలు కడిగాడు, ఇంటివాళ్ళందరితో కలిసి బాప్తిస్మం పొందాడు. అపొస్తలుల కార్యములు 16:34లో ఆ ఇంటి ఆనందం రాసి ఉంది. వీపు మీద దెబ్బలు ఇంకా పచ్చిగా ఉన్న ఆ ఇద్దరూ అదే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ రాత్రి వాళ్ళకు దక్కినదాన్ని నేను ఆశీర్వాదం అంటాను.

వెలుగుబాట
అది కాదనను అక్కా.

మౌనపక్షి
నేను నోటితో చెప్పలేను. నా జీవితమే నా సాక్ష్యం. ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ అన్నట్టు, ఎప్పుడూ సువార్త ప్రకటించు, అవసరమైతేనే మాటలు వాడు.

చరిత్రప్రియ
ఆ మాట ఆయన పేరు మీద తిరుగుతోంది గానీ ఆయన రాతల్లో ఎక్కడా లేదు. ఫ్రాన్సిస్ నోరు తెరిచి ప్రకటించిన మనిషి. 1219లో, క్రూసేడ్ యుద్ధం నడుస్తుండగా, ఈజిప్టులోని దమియెట్టా దగ్గర ఆయుధం లేకుండా అవతలి శిబిరానికి వెళ్ళి సుల్తాన్ అల్ కామిల్‌తో క్రీస్తు గురించి మాట్లాడాడు. సుల్తాన్ మతం మారలేదు. ఆయన్ని క్షేమంగా తిరిగి పంపించాడు.

జీవితం అక్కర్లేదని నేను అనడం లేదు. జీవితం చూసే జనం అడుగుతారు. అడిగాక కూడా మనం మాట్లాడకపోతే ఆ మంచితనమంతా మన సొంతం అనుకుంటారు. తొలకరి గారిని ఆమె అడిగింది, ఈవిడ చెప్పింది. అంతకంటే సరిగ్గా ఎలా చెబుతాం?

మౌనపక్షి
సరే, ఫ్రాన్సిస్‌ని పక్కన పెడదాం. నలుగురిలో నోరు తెరవాలంటే నా చేతులు చల్లబడతాయి, గొంతు రాదు. ఎఫెసీయులు 4:11లో కొందరినే సువార్తికులుగా నియమించాడని ఉంది కదా. మిగతావాళ్ళకు ఈ ఆశీర్వాదంలో వాటా లేనట్టేనా?

పాతబైబిల్
సువార్తికులు కొందరే, నిజం. కానీ మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని 1 పేతురు 3:15లో పేతురు అందరికీ రాశాడు. సాత్వికంతో, భయంతో చెప్పమన్నాడు. గట్టి గొంతుతో అనలేదు.

చేతులు చల్లబడటం గురించి ఒక మాట. 1 కొరింథీయులు 2:3లో పౌలు తాను బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో వాళ్ళ దగ్గర ఉన్నానని రాసుకున్నాడు. కొరింథులో ఒక రాత్రి ప్రభువు దర్శనంలో కనబడి భయపడకు, మాట్లాడు, మౌనంగా ఉండకు, ఈ పట్టణంలో నాకు చాలామంది ఉన్నారు అన్నాడు (అపొస్తలుల కార్యములు 18:9, 10). భయమే లేనివాడికి ఆ మాట ఎందుకు? ఆ తర్వాత ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించాడు. ఎఫెసీయులు 6:19లోనేమో ధైర్యంగా మాట్లాడేలా నా కోసం ప్రార్థించండని సంఘాన్ని అడుగుతున్నాడు. వణుకుతూ చెప్పినవాడికి దేవుడు పక్కనే ఉన్నాడని తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అంద్రెయ_తమ్ముడు
నా హ్యాండిల్ వెనక కథ ఇదే. అంద్రెయ చేసిన ప్రసంగం బైబిల్లో ఒక్కటీ లేదు. యోహాను సువార్తలో మూడు సందర్భాల్లో కనబడతాడు. మొదట సొంత సహోదరుడు సీమోనును యేసు దగ్గరికి తీసుకొస్తాడు. తర్వాత రొట్టెలున్న చిన్నవాడి సంగతి చెబుతాడు. ఆ తర్వాత యేసును చూడాలని వచ్చిన గ్రీసు దేశస్థుల సంగతి ఫిలిప్పుతో కలిసి వెళ్ళి చెబుతాడు. పెంతెకొస్తు దినాన సీమోను పేతురు లేచి మాట్లాడితే మూడు వేలమంది చేర్చబడ్డారు. ఆయనతో పాటు లేచిన పదకొండుమంది శిష్యుల్లో అంద్రెయ కూడా నిలబడి ఉన్నాడు. తన అన్నదమ్ముడి నోటి నుంచి ఆ మాటలు వస్తుంటే ఆయనకు ఎలా ఉండి ఉంటుంది!

మౌనపక్షి గారూ, ఒకరి చెయ్యి పట్టుకుని తీసుకురావడానికి మైకు అక్కర్లేదు.

మౌనపక్షి
ఇది నాకు సరిపోయింది. థాంక్స్ బ్రదర్.

కిటికీసీటు
నేను క్రైస్తవుణ్ణి కాదు. నా భార్య క్రైస్తవురాలు, తను చదువుతుంటే చూసి సొంత ఐడీ తీసుకున్నాను. బయటివాడి మాట ఒకటి చెప్పొచ్చా?

కాలేజీలో ఒకతను నాకు రోజూ నరకం గురించి చెప్పేవాడు. నా పేరు చివరిదాకా తప్పుగానే పలికాడు. మా మామగారు మాత్రం ఒక్కసారే చెప్పారు. పెళ్ళయిన కొత్తలో నన్ను కూర్చోబెట్టుకుని, తాగుడు మానకముందు తను ఎలా ఉండేవాడో, అత్తగారు ఎన్ని పడ్డారో దాచకుండా చెప్పి, యేసు తనను ఎలా మార్చాడో చెప్పారు. చివర్లో "నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే. నీకు చెప్పకపోతే నిన్ను కొడుకులా చూసినట్టు కాదు. చెప్పాను. ఇక నువ్వు అడిగితేనే మళ్ళీ మాట్లాడతాను" అన్నారు. ఆ మాట మీదే ఉన్నారు.

నేను ఇంకా నమ్మలేదు. కానీ ఏ కష్టం వచ్చినా మొదట ఫోన్ చేసేది ఆయనకే.

తొలకరి గారూ, మీ స్నేహితురాలు దూరం జరిగింది మీరు చెప్పిన విషయం వల్ల కాకపోవచ్చు. మీ ముందు ఏడ్చింది కదా. ఒకరి ముందు ఏడ్చాక వాళ్ళ మొహం చూడటం కష్టం. నేనైతే అలాగే తప్పించుకు తిరుగుతాను.

తొలకరి
కిటికీసీటు గారూ, ఈ కోణం ఇక్కడ ఎవరూ చెప్పలేదు. ఏడ్చిన మర్నాటి నుంచే కదా తను మారింది. థాంక్యూ. మీ మామగారికి నా నమస్కారాలు.

నిర్వాహకుడు
సభ్యులకు మనవి. కిటికీసీటు గారికి ప్రైవేట్ మెసేజ్‌లు పంపి రక్షణ ఎప్పుడు పొందుతారని అడగొద్దు. ఆయన మామగారి రూలే ఇక్కడా రూలు.

నీటిబుగ్గ
యోహాను 4 గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి? యేసు ప్రయాణంతో అలసి బావి దగ్గర కూర్చున్నాడు. శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్ళోకి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చి తినమంటే, మీకు తెలియని ఆహారం నాకుంది అన్నాడు. మధ్యలో జరిగింది ఒక్కటే, ఒక సమరయ స్త్రీతో మాట్లాడటం.

ఇది నాకు అనుభవం. పని ముగిసి మనిషి వాడిపోయి ఇంటికి బయల్దేరతాను. దారిలో ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, ఆయన గురించి మాట్లాడుకుంటూ నిలబడిపోతాం. ఇల్లు చేరేసరికి ఆ అలసట ఉండదు. దీన్ని ఎవరికి వివరించినా నవ్వుతారు గానీ, ఈ సంతోషం నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు.

అదే అధ్యాయంలో ఇంకొకటి. చివరికి ఊరివాళ్ళు ఆమెతో ఏమన్నారు? ఇక నీ మాటను బట్టి కాదు, మేమే విన్నాం, ఈయన లోకరక్షకుడని తెలుసుకున్నాం అన్నారు. అంతకుముందు ఆమెను ఎలా చూశారో గానీ, ఇప్పుడు ఆమెతో పాటు ఒకే రక్షకుణ్ణి నమ్ముతున్నారు. వాళ్ళకు ఇక ఆమె మాట అవసరం లేదు. చెప్పినవాళ్ళు కోరుకోవాల్సింది అదే కదా.

గోధుమగింజ
సువార్తికుడు ఫిలిప్పు కూడా అంతే (అంద్రెయతో ఉన్న ఫిలిప్పు కాదు). సమరయలో జనం గుంపులుగా నమ్ముతుంటే, గాజాకు పోయే అరణ్య మార్గానికి వెళ్ళమన్నాడు దేవుడు. అక్కడ ఒకే ఒక్క మనిషి, ఐతియొపీయుల రాణి కందాకే దగ్గర అధికారి, రథంలో యెషయా చదువుకుంటూ. బాప్తిస్మం ఇచ్చి నీళ్ళలో నుంచి బయటికి వచ్చేసరికి ఫిలిప్పును ఆత్మ తీసుకుపోయింది. ఆ అధికారి సంతోషిస్తూ తన దారిన వెళ్ళాడు. మళ్ళీ ఇద్దరూ కలిసినట్టు బైబిల్లో లేదు.

చరిత్రప్రియ
వినేవాళ్ళు లేకపోతే ఆశీర్వాదం ఎక్కడ అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను. అమెరికా మిషనరీ అదోనిరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ 1813లో బర్మాలోని రంగూన్ చేరారు. మొదటి బాప్తిస్మం 1819లో, మౌంగ్ నౌ అనే అతనికి. ఆ మధ్య ఆరేళ్ళు ఒక్కరు కూడా లేరు. ఆ ఏళ్ళలోనే వాళ్ళ పసివాడు రోజర్ చనిపోయాడు. చైనాకు వెళ్ళిన రాబర్ట్ మోరిసన్‌ది కూడా ఇలాంటి కథే, 1807లో చేరాడు, మొదటి బాప్తిస్మం 1814లో.

ఆ ఖాళీ సంవత్సరాల్లో జడ్సన్ ఏం చేశాడు? బర్మీస్ భాష నేర్చుకున్నాడు, వాక్యం అనువాదం చేయడం మొదలుపెట్టాడు. 1824లో బ్రిటిష్ వాళ్ళతో బర్మాకు యుద్ధం వస్తే గూఢచారి అన్న అనుమానంతో జైల్లో వేశారు. బయటికి వచ్చాక కొద్ది నెలలకే ఆన్ పోయింది. తర్వాత చాలాకాలం దుఃఖంలో మునిగిపోయాడు. అయినా 1834లో బైబిల్ మొత్తం అనువాదం ముగించాడు. ఫలితం లేదని వెనక్కి వచ్చేసి ఉంటే ఆ బైబిల్ ఆయన చేతి మీదుగా వచ్చేది కాదు. ఎవరూ వినని ఆ ఏళ్ళను నేను వృథా అనలేను.

వెలుగుబాట
చరిత్ర వచ్చింది కాబట్టి కింబల్ గొలుసు కూడా చెప్పండి. కింబల్ అనే ఆయన, తర్వాత పేరుపొందిన ప్రసంగీకుడైన మూడీకి చెప్పాడు, అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరు, చివరికి ప్రసిద్ధ సువార్తికుడు బిల్లీ గ్రాహం.

చరిత్రప్రియ
ఆ గొలుసులో మొదటి లింకు గట్టిది. బోస్టన్‌లో 1855లో ఎడ్వర్డ్ కింబల్ అనే సండే స్కూల్ టీచర్, చెప్పుల షాపులో పనిచేసే తన విద్యార్థి డి. ఎల్. మూడీ దగ్గరికి వెళ్ళాడు. పని వేళలో వెళితే కుర్రాడికి ఇబ్బందేమో అని ఆలోచిస్తూ షాపు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి లోపలికి వెళ్ళాడు. తను చెప్పింది చాలా బలహీనంగా ఉందనే ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మూడీ అప్పుడే నమ్మాడు. బిల్లీ గ్రాహం 1934లో మొర్దెకై హామ్ అనే సువార్తికుడి కూటాల్లో నిర్ణయం తీసుకున్నది కూడా నిజం. మధ్యలో ఉన్న లింకుల్లో కొన్నిటికి సరైన ఆధారం లేదు. అందుకే నేను ఆ గొలుసు ఫార్వర్డ్ చేయను. షాపు దాటిపోయి వెనక్కి వచ్చిన మనిషి ఒక్కడు చాలు నాకు.

మౌనపక్షి
చేతులు చల్లబడినవాళ్ళలో కింబల్ కూడా ఉన్నాడన్నమాట!

ముగ్గురి_అమ్మ
బయటివాళ్ళకు చెప్పడం గురించే రాస్తున్నారు. ఇంట్లో పిల్లలకు చెప్పడం లెక్కలోకి రాదా? తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని 2 తిమోతి 1:5.

మా చిన్నది పడుకునే ముందు అడిగింది, "అమ్మా, నువ్వు ప్రార్థన చేసేటప్పుడు దేవుడు వింటున్నాడని నీకెలా తెలుసు? ఆయన ఊఁ అనడు కదా." లైటు ఆర్పబోతూ అలాగే కూర్చుండిపోయాను. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి 1 యోహాను 5:14, కీర్తన 34, హన్నా ప్రార్థన, అన్నీ తీసి చదివాను. ఎన్నో ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్నదాన్ని, ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. దానికి చెప్పాల్సి వచ్చింది కాబట్టి నేను నేర్చుకున్నాను. పాతబైబిల్ అయ్యగారు మొదట్లో అన్నది ఇదే అనుకుంటాను.

పాతబైబిల్
అదేనమ్మా. ఇంతకీ పాపకు ఏం చెప్పావు?

ముగ్గురి_అమ్మ
హన్నా కథ చెప్పాను. పెదవులు మాత్రమే కదిలితే యాజకుడు ఏలీ మత్తులో ఉందనుకున్నాడు, దేవుడు మాత్రం ఆ లోపలి మాట విన్నాడు అని. "అయితే ఏలీ కంటే దేవుడి చెవులు మంచివి" అంది.

అంద్రెయ_తమ్ముడు
ఈ వారం ప్రసంగం ఆ పాపే చేయాలి.

ఆరనిదీపం
ఎప్పుడూ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది. మా అన్నయ్యకు చివరి వరకు చెప్పాను. నమ్మినట్టు ఒక్క మాటైనా అనకుండా పోయాడు. మీరంతా ఆశీర్వాదం, సంతోషం అంటుంటే గొంతు పట్టేస్తోంది. చెప్పినందుకు నాకు మిగిలింది ఏంటి?

మార్త_ఇల్లు
చెల్లెమ్మా, నీకు వెంటనే ఓదార్పు మాట చెప్పాలని లేదు నాకు. రోమీయులకు రాసినప్పుడు 9వ అధ్యాయం మొదట్లో పౌలు కూడా సొంతవాళ్ళ గురించి తన గుండెలో మానని వేదన ఉందన్నాడు. అది విశ్వాసం లేనివాడి వేదన కాదు. ప్రేమించినవాడి వేదన.

పాతబైబిల్
సిలువ మీద పక్కనున్న దొంగ యేసుతో అన్న మాట కింద నిలబడిన ఎంతమందికి వినబడి ఉంటుందో మనకు తెలియదు. అతని తల్లి బతికి ఉంటే కొడుకు నాశనమైపోయాడనే ఏడ్చి ఉంటుంది. మీ అన్నయ్య విషయం ఇలాగే జరిగిందని నేను చెప్పను, ఆ అధికారం నాకు లేదు. ఆదికాండము 18:25లో అబ్రాహాము అడిగినది మాత్రం పట్టుకుంటాను. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా?

రాత్రిడ్యూటీ
మా అమ్మ ఆ నర్సు ప్రార్థన విన్నదో లేదో నాకు తెలియదు సిస్టర్. ఆ ప్రశ్న నన్ను వదలదు. కానీ ఆ చివరి రాత్రుల్లో అమ్మ పక్కన ఆయన పేరు పలికినవాళ్ళు ఒకరు ఉన్నారు. ఎవరూ లేకపోయి ఉంటే అన్న ఆలోచనే నేను భరించలేను. మీ అన్నయ్య పక్కన మీరు ఉన్నారు.

ఆరనిదీపం
చివరి వారాల్లో తనే అడిగేవాడు, చిన్నప్పుడు అమ్మ పాడే పాట పాడమని. రెండో చరణం దగ్గర నేను పదాలు మరిచిపోతే తను అందించేవాడు. నమ్మాడని నేను చెప్పలేను. పదాలు మాత్రం మరిచిపోలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

మార్త_ఇల్లు
చెప్పినందుకు థాంక్యూ తల్లీ. నీ కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను. ఈ మాట ఇక్కడ రాస్తే తొలకరి ఏమీ అనుకోదు.

తొలకరి
అస్సలు అనుకోను అక్కా. నేనూ చేస్తాను.

గోధుమగింజ
ఒక సందేహం. చెప్పకపోతే వాళ్ళ రక్తాపరాధం మన మీదే అని యెహెజ్కేలు 33 చూపించి భయపెడతారు కొందరు. ఆ భయంతో చెబితే ఈ సంతోషం దక్కుతుందా?

ప్రశ్నలపుట్ట
ఆ హెచ్చరికను నేను తేలిక చేయను. పౌలు కూడా ఎఫెసు పెద్దలతో అలాంటి మాటే అన్నాడు (అపొస్తలుల కార్యములు 20:26). కానీ తనను నడిపించేది ఏంటని అడిగితే 2 కొరింథీయులు 5:14లో క్రీస్తు ప్రేమ అని రాశాడు. భయంతో చెప్పేవాడు మాట అప్పగించి బరువు దించుకుని వెళ్ళిపోతాడు. కిటికీసీటు గారి కాలేజీ మిత్రుడు అదే చేసినట్టున్నాడు. వాళ్ళ మామగారు మాట చెప్పి మనిషిని ఉంచుకున్నారు.

పాతబైబిల్
నువ్వూ నేనూ ఏకీభవించాం. ఈ తారీకు రాసిపెట్టుకోవాలి.

నీటిబుగ్గ
తొలకరి అక్కా, దెకపొలి అనే ప్రాంతంలోని మనిషిని కూడా గుర్తుపెట్టుకో. సేన అనే దయ్యం వదిలాక యేసు వెంటే వస్తానంటే, ఇంటికి వెళ్ళి నీవాళ్ళకు చెప్పమన్నాడు. అప్పుడు ఆ ప్రాంతం వాళ్ళు యేసును వెళ్ళిపొమ్మని బతిమాలారు. మార్కు 7:31లో ఆయన మళ్ళీ దెకపొలి వైపు వస్తే, చెవిటివాణ్ణి తీసుకొచ్చి చెయ్యి ఉంచమని వేడుకున్నారు. మధ్యలో అక్కడ ఉండి చెబుతూ తిరిగింది ఆ మనిషే.

కిటికీసీటు
రాత్రిడ్యూటీ గారు చెప్పిన యోహాను 11 నిన్న నా భార్య బైబిల్లో చదివాను. ఒక ప్రశ్న. లాజరును లేపబోతున్నానని ఆయనకు ముందే తెలుసు, శిష్యులతో కూడా చెప్పాడు. మరి సమాధికి వెళ్ళే ముందు ఎందుకు ఏడ్చాడు? నటన అయితే కాదు, అది చదివితే తెలుస్తోంది.

రాత్రిడ్యూటీ
నేను అర్థం చేసుకున్నది చెబుతాను. 33వ వచనం చూడండి. లాజరు సహోదరి మరియ ఏడవడం, ఆమెతో వచ్చినవాళ్ళు ఏడవడం చూసి ఆయన కలవరపడ్డాడు. కాసేపట్లో తీరిపోయే కష్టమే అయినా ఆ క్షణంలో ఆమెకు అది నిజమైన కష్టం. ఆయన ఆమె పక్కన నిలబడ్డాడు. నాకు దొరికిన యేసు ఈయనే.

ప్రశ్నలపుట్ట
కొంతవరకే ఒప్పుకుంటాను. ఆ 33వ వచనంలో జాలితో పాటు కోపం కూడా ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, మరణం మీద కోపం. అది కలపకపోతే 25వ వచనంలో పునరుత్థానమును జీవమును నేనే అన్నదాని బరువు తెలియదు. కిటికీసీటు గారూ, ఇది ఇక్కడ ఇమడదు. మీరు అడిగారు కాబట్టి "యోహాను 11, యేసు ఎందుకు ఏడ్చాడు" అని వేరే చర్చ తెరిచాను. మీ ప్రశ్నే మొదటి పోస్టుగా పెట్టాను, అభ్యంతరం లేదు కదా?

కిటికీసీటు
లేదు. వస్తున్నాను. 37వ వచనం మీద ఇంకో ప్రశ్న ఉంది.